నున్నటి నేల

గనిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు ఎప్పుడో కరువైపోయారు. అందరికీ ఆయన అద్దం. కొత్తగా చేరినవాళ్లు మర్యాదకి అద్దం గారు అంటారు, అంతే తేడా. ముప్పై ఒక్కేళ్లుగా డోజరు నడుపుతున్నాడు. ఖనిజం కోసం తవ్వినప్పుడు పైకొచ్చే పనికిరాని రాయినీ మట్టినీ డంపర్లు తెచ్చి గుట్టగా పోస్తాయి. ఆ గుట్టని వాలుగా సర్ది, మీద మంచి మట్టి పరిచి, చదును చేసి వదలడం ఆయన పని. ఆయన చేతిలో బ్లేడు నేలకి దిగిందంటే ఆ వెనక ఎక్కడా చిన్న మిట్ట గానీ పల్లం గానీ కనిపించదు. ఎవరో పందెం కట్టి ఆయన చదును చేసిన చోట నిండు టీ గ్లాసు పెడితే చుక్క ఒలకలేదని ఒక కథ కూడా ఉంది. అది జరిగిందో లేదో ఆయనకే సరిగా గుర్తులేదు. కాదని మాత్రం ఎవరితోనూ అనలేదు.

ఇలాంటి మనిషికి జోడీగా దొరికినవాడు గతుకులు. నలభై అయిదు దాటినవాడు, ఎప్పుడూ నవ్వుముఖం, చేతికి నిలకడ లేదు. వాడు తోసిన మట్టి ఒకచోట దిబ్బ, ఒకచోట గుంట. ఆ పేరు పెట్టింది అద్దమే.

"ఒరేయ్, ఇది పని చేసిన నేలా, పందులు కుమ్మిన దొడ్డా?" అనేవాడు.

"మనం దొర్లడానికి కాదు కదన్నా, మట్టే కదా" అని వాడు నవ్వేసి, అద్దం వచ్చి మళ్లీ సరిచేసేదాకా పక్కన నిలబడేవాడు.

అద్దానికి ఇంకా అయిదు వారాల సర్వీసు ఉంది. ఆయన చివరి పెద్ద పని పడమటి వాలు. గని కార్మికుల క్వార్టర్లు దాని కిందే ఉన్నాయి, వాటి పక్కనే వాగు. వాన పడితే గుట్ట మీది ఎర్రమట్టి నీళ్లతో పాటు వీధిలోకి దిగి, వాగులో కలిసేది. ఆరేసిన బట్టల అంచులు ఎర్రబడేవి, వాగులో చేపలు పట్టేవాళ్లు చేపలు లేక మానుకున్నారు. అందుకే ఆ వాలుని చదును చేసి చెట్లు పెంచాలని కంపెనీ తలపెట్టింది. చదును చేయడం మామగారి వంతు, చెట్లు పెంచడం కోడలి వంతు. ఆయన కోడలు గని నర్సరీకి సూపర్‌వైజరు. ఆమె కింద ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తారు.

ఆయన పని ఎప్పుడో పూర్తయింది. ఆఫీసులో మేనేజరు బల్ల వెనక గోడకి ఆ వాలు ఫోటో వేలాడుతూ ఉంటుంది. కోడలి పనే సాగడం లేదు. రెండేళ్లు వరసగా నాటింది, రెండేళ్లూ మొక్కలు ఎండిపోయాయి. ఈసారి కూడా బతక్కపోతే నర్సరీ మూసేసి, వాలంతా రాళ్లు పరిచేస్తామని మేనేజరు చెప్పేశాడు. వానలు నెల రోజుల్లో ఉన్నాయి.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర అద్దం అన్నాడు:

"సోమవారం ఆ ఉత్తరపు మూల కూడా పూర్తి చేసేస్తానమ్మాయ్. సార్‌ని అడిగాను, సరేనన్నారు."

ఆ మూల ఆయనకి కంట్లో నలుసు. అప్పట్లో అక్కడికొచ్చేసరికి డోజరు గొలుసు ఊడిపోయింది. బాగుచేసేలోగా వేరే చోటికి పంపారు. డంపర్లు పోసిన మట్టికుప్పలు పోసినట్టే ఉండిపోయాయి. రోజూ డ్యూటీకి వెళ్తూ అటువైపు చూడకుండా తల తిప్పుకునేవాడు.

కోడలు గరిటె పట్టుకున్న చెయ్యి గిన్నెలోనే ఆపింది.

"ఆ మూల వదిలేయండి మామయ్యా."

"ఎందుకు? నేను పోయాక ఆ వంకర చూసి అందరూ నవ్వుకోవడానికా?"

"అక్కడ మొక్కలున్నాయి. మొదటి ఏడు మిగిలిపోయినవి ఎక్కడా చోటులేక ఆ కుప్పల మధ్య నాటాం."

"ఉంటే తీసి వేరే చోట పెట్టుకో."

ఆమె భర్త వైపు చూసింది. కొడుకు కాటా దగ్గర లారీలు తూచే పని చేస్తాడు, మాటలు తక్కువ. కంచంలోంచి తల ఎత్తకుండానే అన్నాడు: "నాన్నా, రేపు ఆదివారమే కదా. తనతో వెళ్లి ఒకసారి చూసి రా."

భార్యాభర్తలు దీని గురించి ముందే మాట్లాడుకున్నారని ఆయనకి అర్థమైంది. ఏమిటో మాత్రం అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్న ఇద్దరూ వాలు ఎక్కారు. కోడలు భుజాన గడ్డపార, చేతిలో బకెట్టు నీళ్లు. వాలు మధ్యలో, ఎండి పుల్లలైన మొక్కల వరసలో ఆగి ఒకదాన్ని పట్టుకుని లాగింది. సీసా మూత వచ్చినంత తేలిగ్గా వచ్చేసింది. ఆయన చేతిలో పెట్టింది.

వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉన్నాయి. నర్సరీ సంచిలో ఎలా ఉండేవో రెండేళ్ల తర్వాతా అలాగే, ఇంకాస్త చిక్కగా. ఒక్క వేరు కూడా పక్కకి పోలేదు.

"నీళ్లు చాల్లేదేమో" అన్నాడు ఆయన.

ఆమె గడ్డపార ఎత్తి నేలమీద వేసింది. ఖంగుమంది. ముప్పై ఒక్కేళ్లలో తను చదును చేసిన నేల మీద ఎవరైనా గడ్డపార వేయడం ఆయన చూడలేదు. అక్కడికి ఆయన వచ్చేది పూర్తి చేయడానికి, ఆ తర్వాత వేరే చోటికి వెళ్లిపోవడానికి. ఆమె మరో నాలుగు పోట్లు వేస్తే బెత్తెడు లోతు దిగింది. ఊడొచ్చిన పెళ్ల కాల్చిన పెంకులా ఉంది.

తర్వాత బకెట్టు వంచింది. నీళ్లు నేలమీద ఒక్క క్షణం కూడా ఆగలేదు. పైపొర మట్టిని నాకుతూ, ఎర్రగా మారి, కిందికి జారిపోయాయి. వాటి వెంట ఆయన చూపు క్వార్టర్ల దాకా వెళ్లింది. నీళ్లు నిలవకుండా జారిపోతే పని బాగా కుదిరిందని లెక్క వేసుకునేవాడు ఇన్నాళ్లూ. జారి ఎటు పోతున్నాయో చూసుకోలేదు. వీధిలోకి వచ్చిన ఎర్రనీళ్లని చీపురుతో తోస్తూ, "ఈ గుట్ట ఎప్పటికి కుదురుకుంటుందో" అని పక్కింటివాళ్లు విసుక్కుంటే, "ఇంకొంచెం నున్నగా చేస్తాను చూడండి" అని తనే అన్నాడు.

ఉత్తరపు మూలకి వెళ్లేసరికి ఆయనకి చెప్పాల్సిన పని లేకపోయింది. కుప్పల మధ్య గుంటల్లో చెట్లు ఆయన ఛాతీ దాకా ఉన్నాయి, రెండు మూడు తలని దాటిపోయాయి. ఆకుల కింద చల్లగా ఉంది. ఎవరూ నాటని గడ్డి ఆ మట్టికుప్పల మీదికి ఎగబాకింది. చెప్పు తీసి కాలు పెడితే మట్టి మెత్తగా దిగింది. చీమలు ఒక బారు ఆయన వేళ్లని చుట్టి వెళ్లాయి.

"ఎన్నాళ్లయింది నీకు తెలిసి?"

"పది రోజులు. వేళ్లు తవ్వి చూసేదాకా నాకూ తట్టలేదు. వ్యవసాయ కాలేజీలో మాకు పాఠం చెప్పినాయన్ని కూడా అడిగాను. మీ యంత్రం బరువు పడిన ప్రతిసారీ మట్టిలో గాలాడే సందులు మూసుకుపోతాయట. వేరు దూరదు, నీరూ దూరదు. పైమట్టి పోసి, ఒక్కసారి పైపైన సర్ది వదిలేయాలట. ఎంత ఎగుడుదిగుడుగా ఉంటే అంత మంచిదట."

"మరి పది రోజులు నోరు మూసుకున్నావేం?"

"ఎలా చెప్పను మామయ్యా? ఆఫీసులో గోడమీద ఫోటో ఉంది. అందరూ మీకు సన్మానం చేయాలనుకుంటున్నారు." మళ్లీ తనే, "చదును చేయమని చెప్పింది వాళ్లే. మీ తప్పు కాదు" అంది.

ఆయన వాలు పైభాగం వైపు చూశాడు. అక్కడ ఎండిన పుల్లలు కూడా లేవు. కలుపు మొక్క కూడా మొలవని నేల ఎండకి మెరుస్తోంది.

"నాలుగుసార్లు తిరగమని చెప్పారు వాళ్లు" అన్నాడు. "అక్కడ నేనెన్నిసార్లు తిరిగానో తెలుసా? ఇరవై, ముప్పై. లెక్కే లేదు. మీ అత్తయ్య పోయిన నెల అది. ఇంటికి రావాలనిపించేది కాదు. పని అయిపోయాక కూడా అటూ ఇటూ తిప్పుతూనే ఉండేవాణ్ని."

"తెలుసు" అంది కోడలు. "కిటికీలోంచి కనబడేది. మీరు దిగేదాకా అన్నం వేడి చేస్తూ ఉండేదాన్ని."

ఆ సంగతి ఆయనకి ఇప్పటిదాకా తెలియదు. ఆ నెలంతా తను తిన్న అన్నం వేడిగానే ఉందని ఇప్పుడు గుర్తుకొచ్చింది. అది ఎన్నోసారి వేడి చేసిందో అప్పుడు ఆలోచించలేదు. ఆమె చేతిలోంచి గడ్డపార తీసుకుని తన భుజాన పెట్టుకున్నాడు. ఇద్దరూ వాలు దిగారు.

సోమవారం పొద్దున్నే మేనేజరు గదికి వెళ్లాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"సార్, ఆ మూల చదును చేయను. మిగతా వాలంతా రిప్పరు కొమ్ము దించి పగలగొడతాను. అనుమతి కావాలి."

మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఏమండీ అద్దం గారూ, ఒంట్లో బాగానే ఉందా? వానలయ్యాక పైనుంచి తనిఖీకి వస్తారు. వాళ్లకి నేను మొదట చూపించేది ఆ వాలే."

"చెట్లేవని అడిగితే?"

"అందుకే కదా రాళ్లు పరుద్దామంటున్నాను."

"రాళ్ల కింద నీళ్లు ఇంకవు సార్. ఇంకా వేగంగా దిగుతాయి. మా వీధికి, వాగుకి."

"నేల చదునుగా ఉంటే మొక్కలు బతకవని ఎవరు చెప్పారు మీకు? మీ కోడలా?"

"మా కోడలు ఏమీ అనలేదు. నేనే చూశాను. మీరూ ఓ పావుగంట రండి."

మేనేజరు మంచివాడే, అనుమానం మనిషి. నీళ్ల ట్యాంకరుని కూడా వెంట తీసుకెళ్లారు. వాలు అడుగున, ఫోటోలో ఎంతో అందంగా కనిపించే చోట, మేనేజరుని నిలబెట్టి అద్దం పైనుంచి గొట్టం విప్పాడు. నీళ్లు మేనేజరుని చేరేసరికి ఎర్రటి గంజిలా ఉన్నాయి. పక్కకి తప్పుకునేలోగా బూట్లు మునిగాయి. గొట్టం ఉత్తరపు మూలకి తిప్పి అంతే సేపు వదిలాడు. కింద మేనేజరు ఒక బూటు విప్పి దులుపుకుంటూ ఎదురుచూశాడు. అంత సేపూ ఒక్క చుక్క దిగి రాలేదు.

"పగలగొడితే ఈ వాలు జారిపోదు కదా?" అని అడిగాడు చివరికి.

"నిలువుగా కాదు సార్, అడ్డంగా చీలుస్తాను. ప్రతి చాలూ నీటికి ఒక కట్టలా ఉంటుంది."

"తనిఖీవాళ్లు ఇదేమిటని అడిగితే?"

"నన్ను పిలవండి. చదును చేసిందీ నేనే, చెడగొట్టిందీ నేనేనని చెబుతాను."

మేనేజరు బూటు తొడుక్కుని, "మూడు వారాలు" అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, "ఈ బూట్ల సంగతి మా ఆవిడకి కూడా మీరే చెప్పాలి" అన్నాడు.

చీల్చడం ఒక పని. దానిమీద కొత్తగా పైమట్టి పోసి, ఒక్కసారి మాత్రం తోసి, నునుపు చేయకుండా వదలడం ఇంకో పని. ఆ రెండో పని తన చేతుల వల్ల కాదని అద్దానికి తెలుసు. టీ షెడ్డులో గతుకుల్ని వెతుక్కుంటూ వెళ్లాడు. సంగతంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ వాడు నవ్వుతాడేమోనని ఎదురుచూశాడు. నవ్వితే పడాలని కూడా అనుకున్నాడు.

వాడు నవ్వలేదు. గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"అన్నా, ఇరవై ఏళ్లుగా నాకు పని రాదని చెప్తున్నావు. నా పెళ్లిలో కూడా మా మావయ్యకి నన్ను ఆ పేరుతోనే పరిచయం చేశావు. మా అమ్మాయి బళ్లో అడిగారట, గతుకుల కూతురివా అని."

సరదాకి పెట్టిన పేరు అంత దూరం నడిచి వెళ్లిందని ఆయనకి తెలియదు.

"తప్పే చేశాన్రా" అన్నాడు.

గతుకులు గ్లాసు మళ్లీ అందుకున్నాడు. ఇంకో రెండు మాటలు అనే హక్కు వాడికి ఉంది, షెడ్డులో వినేవాళ్లూ ఉన్నారు. వాడు అనలేదు. "ఎప్పటినుంచి మరి?" అన్నాడంతే.

"రేపటినుంచి."

"నువ్వు పక్కన నిలబడి సణగకూడదు. ముందే చెప్తున్నా."

మర్నాడు అద్దం డోజరు వెనకున్న రిప్పరు దించాడు. మోకాలి ఎత్తున్న ఉక్కు కొమ్ము అది. కింది వాలులో అది దిగినచోట నేల నోరు తెరుస్తూ వచ్చింది. మొదటి చాలు పూర్తయింది, రెండోది పూర్తయింది. వెనకనుంచి గతుకుల డోజరు హారన్ ఆపకుండా మోగింది. అద్దం తల తిప్పి చూశాడు. రెండో చాలు చీలుస్తూనే ఆయన చెయ్యి తనంతట తనే ముందున్న బ్లేడు దించేసింది. మొదటి చాలు మళ్లీ నున్నగా పూడిపోయింది.

గతుకులు దిగి వచ్చాడు. "అన్నా, ఇలా అయితే నువ్వు రిటైరయ్యేలోపు ఈ గుట్ట ఇంకో అంగుళం గట్టిపడుతుంది."

"చెయ్యి వినడం లేదురా."

"కట్టేయ్."

అద్దం తన మెడలో తువ్వాలు తీసి, బ్లేడు మీటని సీటు కడ్డీకి గట్టిగా ముడేశాడు. ఆ రోజు ఎన్నిసార్లు చెయ్యి అటు వెళ్లిందో, ముడి తగిలి వెనక్కి వచ్చిందో లెక్కలేదు. వెనక డంపర్లు పైమట్టి పోస్తుంటే గతుకులు ఒక్కసారి తోసి వదిలేశాడు. దిబ్బలు దిబ్బల్లాగే, గుంటలు గుంటల్లాగే ఉన్నాయి. అద్దం చూశాడు. సణగలేదు.

పైభాగం ఆఖరికి మిగిలింది. అక్కడ రిప్పరు దిగలేదు. కొమ్ము నేలని గీకి, బండి వెనక భాగమే పైకి లేచింది. రెండోసారీ అంతే. కింద నర్సరీ ఆడవాళ్లు మొక్కల బుట్టలు దించి చూస్తున్నారు. మూడోసారి బరువంతా వెనక్కి వేసి, ఇంజను అరుస్తుంటే అలాగే పట్టుకున్నాడు. ముందు ఏమీ కాలేదు. తర్వాత అడుగున ఏదో తెగినట్టు కుదిపి, నేల పలకలు పలకలుగా లేచింది. ఆయన ఆపకుండా చివరిదాకా వెళ్లాడు. వెళ్లిన చోటికి మళ్లీ రాలేదు, ఆ పక్క చాలు పట్టాడు. ఎండ దిగకముందే ఆ పని అయిపోయింది. ఆ రోజు ఇంట్లో అందరికంటే ముందు భోజనానికి కూర్చున్నది ఆయనే.

వానలు అనుకున్నదానికంటే ఆలస్యంగా, ఆయన రిటైరైన నాలుగో రోజు మధ్యాహ్నం వచ్చాయి. గంటసేపు దంచి కొట్టింది. కొడుకు గుమ్మంలో నిలబడి వీధి చూస్తున్నాడు.

"ఎర్రగా ఉందా?" లోపలినుంచి అడిగాడు అద్దం.

కొడుకు తొందరపడి జవాబు చెప్పే మనిషి కాదు. "ఉంది. కొంచెం. గడప దాకా మాత్రం రాలేదు" అన్నాడు.

వాన వెలిసీ వెలవకముందే గొడుగు పట్టుకుని ఆయన వాలు ఎక్కాడు. గతుకులు అప్పటికే పైభాగం అంచున, గోనెపట్టా నెత్తిన కప్పుకుని గొంతుక్కూర్చున్నాడు. నేలంతా చిన్నచిన్న గుంటలు, ప్రతి గుంటలో నీళ్లు. తన జీవితమంతా అలాంటి గుంట ఒక్కటి కనిపిస్తే ఆయన బండి వెనక్కి తిప్పేవాడు. ఇప్పుడు పక్కనే కూర్చుని చూశాడు. నీళ్లు కదలడం లేదు. అడుగునుంచి ఒక బుడగ లేచింది, పగిలింది. ఇంకొకటి. గుంట అంచు తడి మీద నీటి గీత నెమ్మదిగా కిందికి దిగుతోంది.

"తాగుతోందన్నా" అన్నాడు గతుకులు, గట్టిగా అంటే ఆగిపోతుందేమో అన్నట్టు.

"ఉండు, ఆ పై గుంట చూసొస్తాను" అని అద్దం లేచి రెండడుగులు వేశాడు. మూడో అడుగుకి కుడికాలు చీలమండ దాకా దిగబడిపోయింది.

వాలు మధ్యలోంచి కోడలి గొంతు వినిపించింది. "మామయ్యా! ఎక్కడ తొక్కుతున్నారు! యంత్రం మానేసి ఇప్పుడు కాళ్లతో మొదలుపెట్టారా? కదలకండి!"

"కదలలేనమ్మా" అన్నాడు ఆయన.

గతుకులు ఈసారి నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె గుంటలు దాటుకుంటూ, రాళ్ల మీద అడుగులేస్తూ పైకి వస్తోంది. ఆమె వచ్చేదాకా ఆయన కాలు లాక్కోవాలని చూడలేదు. గొడుగు ముడిచి, తడిసిన మట్టి తన పాదం చుట్టూ సర్దుకోవడం గమనిస్తూ అలాగే నిలబడ్డాడు.